తిమింగలం ముందు గట్టిమేళం

ఒకానొక సముద్రం ఒడ్డున ఒక రాజుగారు ఉండేవారు. ఆయనకు ఒక్కడే కొడుకు, పేరు జయకేతుడు. అతనికి మేనమామ కూతురు పగడవల్లితో పెళ్లి. పందిట్లో పురోహితుడు మంత్రం చదువుతున్నాడు, మంగళసూత్రం జయకేతుడి చేతికి వచ్చింది. అంతలో బడబాముఖుడనే మాంత్రికుడు సుడిగాలిలా వచ్చిపడ్డాడు. పీటల మీది పెళ్లికూతురిని ఎత్తుకుని ఏడు సముద్రాల అవతలి దీవికి పోయాడు. పున్నమినాడు తానే తాళి కడతానని చెప్పి మరీ పోయాడు.

జయకేతుడు ఒడ్డుకు పరుగెత్తాడు. అక్కడ ఒక తాబేలు వలలో చిక్కుకుని కొట్టుకుంటోంది. అంత దుఃఖంలోనూ అతను ఆగి వల కోసి దాన్ని విడిపించాడు. తాబేలు మెడ చాచి, "నాయనా, ఆ మాంత్రికుడి ప్రాణం ఒక తెల్లటి సముద్రపు పక్షిలో ఉంది" అంది.

"చిలకలో కదా ఉండాలి?"

"చిలకలో పెట్టుకుంటే ప్రతి రాజకుమారుడికీ తెలిసిపోతోందని మార్చుకున్నాడు. ఆ పక్షి దూరం పోకుండా కాలికి మంత్రపు గొలుసు వేశాడు. పాపం, దాని తప్పేముంది? గొలుసు తీసెయ్, చాలు. అయితే అది ఏడో సముద్రంలో ఉన్న తల్లి తిమింగలం వీపు మీద తప్ప ఇంకెక్కడా వాలదు. ఆ తిమింగలం నెల తిరగని పిల్లతో ఉంది. ఊపిరి కోసం పైకి వచ్చినప్పుడు చప్పుడు చెయ్యకు. మూడుసార్లు బెదిరిందంటే ఇక ఆ సముద్రం వంకే చూడదు."

చప్పుడు చెయ్యకుండా ఉండడం కూడా ఒక పనేనా అనుకున్నాడు జయకేతుడు. తిరిగి చూస్తే, పెళ్లివాళ్లంతా మూటలతో సహా ఓడ ఎక్కేస్తున్నారు.

"మీరెక్కడికి అత్తయ్యా?"

"బాగుందిరా! పిల్ల దొరికిన చోటే మూడు ముళ్లూ వేయించెయ్యొద్దూ? ఇంటిదాకా తెచ్చేలోగా మళ్లీ ఎవడైనా ఎత్తుకుపోతే?" అంది మేనత్త మంగళాంబ.

పురోహితుడు ఎక్కాడు, సన్నాయివాళ్లు ఎక్కారు, డోలు గవరయ్య ఎక్కాడు, సారె బుట్టలూ చంటిపిల్లలూ ఎక్కారు. మొదటి సముద్రంలో సన్నాయి మొదలైంది. రెండో సముద్రంలో పులిహోరలో ఉప్పు గురించి మంగళాంబకీ వంటవాడికీ మాటామాటా వచ్చింది. ఏడో సముద్రం చేరినా ఆ ఉప్పు తగువు తెగలేదు. జయకేతుడి తల దిమ్మెక్కిపోయింది.

అప్పుడు నీళ్లు చీల్చుకుని నల్లటి కొండలాంటి వీపు లేచింది. బుస్సుమని తుంపర తాటిచెట్టంత ఎత్తు చిమ్మింది. పైన తెల్లటి పక్షి తిరుగుతోంది. జయకేతుడు ఊపిరి బిగబట్టి, అందరికీ చూపిద్దామని మెల్లగా వేలెత్తాడు.

ఢమఢమా ఢమఢమా గట్టిమేళం! తిమింగలం మునిగిపోయింది, పక్షి ఎగిరిపోయింది.

"గవరయ్యా! ఏం పని ఇది?"

"వేలెత్తారు కదా దొరా! పెళ్లిలో వేలు లేస్తే గట్టిమేళమే. మా తాతల కాలం నుంచీ అంతే."

మర్నాడు జయకేతుడు తన చేతులు తానే ఉత్తరీయంతో కట్టేసుకున్నాడు. తిమింగలం లేచింది. "ఓరి దేవుడో, ఎంత చేప! ఎన్ని గంగాళాల పులుసు!" అని మంగళాంబ కేక పెట్టింది. అందరూ ఒక్క పక్కకే పరుగెత్తితే ఓడ ఒరిగింది, గిన్నెలు దొర్లాయి. పురోహితుడు దీర్ఘాయుష్మాన్‌భవ అంటూ అక్షింతలు విసిరాడు. తిమింగలం ఒక్కసారి చూసి మునిగిపోయింది.

"చేప కాదు అత్తయ్యా అది! మనలాగే గాలి పీల్చుకుంటుంది, పిల్లకు పాలిస్తుంది! పక్కనే పిల్ల కూడా ఉంది. మీరు చూస్తే కదా, అరుచుకోవడంతోనే సరిపోయె!"

మంగళాంబ బుగ్గ నొక్కుకుంది. "బాలింతా! ఆ మాట ముందే చెప్పి చావొద్దూ? బాలింత దగ్గర డోలు వాయిస్తారా ఎవరైనా?" అని గవరయ్య మీద విరుచుకుపడింది. జయకేతుడు నుదురు కొట్టుకున్నాడు.

మూడో రోజు. రాత్రికి పున్నమి. మంగళాంబ సారె బుట్ట విప్పి, తలా ఒక చలిమిడి ముద్ద నోట్లో కుక్కింది. "మింగారో, ఊరుకోను" అని తానూ ఒకటి కుక్కుకుంది. చలిమిడి అంగిలికి అతుక్కుంది. ఆ ఓడలో మొదటిసారి నీటి చప్పుడు వినిపించింది.

తిమింగలం లేచింది. పక్కనే పిల్ల. తల్లిలాగే అదీ బుస్సుమనబోయి, చిన్న చిమ్ము చిమ్మింది. అది చూసి ఒక చంటిపాప నవ్వుతూ వేలెత్తింది.

గవరయ్య చెయ్యి దానంతటదే లేచింది. గవరయ్య ఆ పాప వేలు చూశాడు, తిమింగలం పిల్లను చూశాడు. డోలు పుల్ల కిందపెట్టి దాని మీద కూర్చున్నాడు.

పక్షి వచ్చి తిమింగలం వీపు మీద వాలింది. తిమింగలం మెల్లగా ఓడ పక్కకు జరిగి, "ఇన్నాళ్లకు ఊపిరి పీల్చుకోనిచ్చారు! కానీ నాయనా, త్వరగా కానీ" అని విసుక్కుంది. జయకేతుడు వంగి గొలుసు తీశాడు.

పక్షి రివ్వున ఎగిరి, నీళ్లూ ఆకాశమూ కలిసే చోటుకు సాగిపోయింది. దీవి మీద తాళికి పసుపు రాస్తున్న బడబాముఖుడు, "ఆగవే, నా ప్రాణమా, ఆగవే!" అంటూ నీళ్ల మీద దాని వెనక పరుగెత్తాడు. ఆ జాతి పక్షి ఏడాదికి ఒకసారి లోకమంతా చుట్టి వస్తుంది. వాడికి ఇక ఆగే యోగం లేదు.

ఓడ దీవి చేరేసరికి పగడవల్లి ఒడ్డున నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉంది. "ఇప్పటికా రావడం బావా?"

"నన్నడగకు. వీళ్లనడుగు."

ఓడ మీదే పీటలు వేశారు. వెంట వచ్చిన తిమింగలమూ దాని పిల్లా పక్కనే తేలుతున్నాయి. జయకేతుడు తాళి పట్టుకున్నాడు. పురోహితుడు వేలెత్తాడు. చప్పుడు లేదు. మళ్లీ ఎత్తాడు. లేదు.

"ఇప్పుడు వాయించవయ్యా బాబూ!" అన్నాడు జయకేతుడు.

గవరయ్య చలిమిడి నోటితోనే, "పిల్ల పాలు తాగుతోంది దొరా" అని గొణిగాడు.

పగడవల్లి ఫక్కున నవ్వింది. జయకేతుడు మేళం లేకుండానే మూడు ముళ్లూ వేశాడు. అప్పుడు ఓడ పక్కన బుస్సుమంది. ఆ తుంపర పెళ్లివాళ్లందరి మీదా అక్షింతల్లా కురిసింది.

జయకేతుడూ పగడవల్లీ తలలు నెరిసేదాకా ఆ రాజ్యం ఏలారు. ఏటా పిల్లలను ఓడలో ఎక్కించుకుని తిమింగలాన్ని చూపించేవారు. ఓడ ఎక్కే ప్రతివాడి నోట్లోనూ ముందు ఒక చలిమిడి ముద్ద పడాల్సిందే. అది ఇంకా కరగకుండానే తిమింగలం లేచేది.