అర్థం కానేదన్న ఎర్నమ్మ

కోపం వచ్చినందుకు ఒక మనిషిని జనం తరాల తరబడి తలుచుకుంటారని ఎక్కడైనా విన్నారా పిల్లలూ? దానం చేసినవాళ్ళని తలుచుకుంటారు, యుద్ధం గెలిచినవాళ్ళని తలుచుకుంటారు. కోపానికి తలుచుకోవడమేమిటని నవ్వకండి. వినండి.

బళ్ళు పెట్రోలు మానేసి కరెంటు తాగడం అప్పుడప్పుడే నేర్చుకుంటున్న కాలమది. ఎన్నేళ్ళయిందని అడక్కండి, లెక్క చెప్పేవాళ్ళంతా పోయారు. సముద్రానికి ఇవతల, జీడితోటల నడుమ ఒక ఊళ్ళో ఎర్నమ్మ అనే మనిషి ఉండేది. పొట్టి మనిషి, పెళుసు మాట. ఎవరో వాడి వదిలేసిన పాత కరెంటు కారు ఒకటి ఆమె చేతికొచ్చింది. దాంట్లో ఊరివాళ్ళని సంతకీ ఆస్పత్రికీ తిప్పుతూ బతికేది. ఆమెకి ఉన్నది ఒక్క తమ్ముడు, గవరయ్య.

గవరయ్యకి మూత్రపిండాలు పాడైపోయాయి. మూత్రపిండాలంటే ఏమిటి? మన రక్తాన్ని వడకట్టే జల్లెళ్ళు. అవి చెడితే పట్నం ఆస్పత్రిలో మిషన్ మీద పడుకోబెట్టి రక్తం కడగాలి. ఒకసారి కడిగితే సరిపోదు, బతికినన్నాళ్ళూ కడుగుతూనే ఉండాలి. వేళకి వెళ్ళకపోతే ఆ మిషన్ ఇంకొకరికి ఇచ్చేస్తారు. అప్పుడు ఒంటికి నీరు పడుతుంది, ఊపిరి ఆడదు. కాబట్టి ఎర్నమ్మ కారు దారిలో ఆగిందంటే గవరయ్య ఊపిరి ఆగినట్టే.

ఇప్పుడు కారు సంగతి. రోడ్డు పక్కన ఛార్జింగ్ స్తంభాలుండేవి. కారుకి గుచ్చే లావుపాటి మూతిని గన్ను అనేవారు. గన్ను గుచ్చగానే కరెంటు రాదు. ఫోనులో యాప్ తెరిచి అడగాలి. యాప్ సరే అంటేనే స్తంభం సరే అంటుంది.

ఒక మిట్టమధ్యాహ్నం ఆస్పత్రికి వెళ్తుంటే దారిలో ఛార్జింగ్ అడుగంటింది. ఎర్నమ్మ స్తంభం దగ్గర ఆపి గన్ను గుచ్చింది, యాప్ తెరిచింది. యాప్ ఏమందో తెలుసా? "అనుసంధాన ప్రమాణీకరణ విఫలమైంది. సెషన్‌ను పునఃప్రారంభించండి." అక్షరాలు తెలుగువే. మాటలు మాత్రం ఏ అమ్మా తన బిడ్డతో ఆడినవి కావు.

ఒక కాంట్రాక్టరు వచ్చాడు. చూసి, ఓస్ ఇదా, అర్థమైందన్నాడు. ఏదో నొక్కాడు, బుర్ర గోక్కున్నాడు, పోయాడు. ఒక బ్యాంకు ఉద్యోగి వచ్చాడు. అర్థమైందన్నాడు, నొక్కాడు, పోయాడు. ఒక కాలేజీ మేష్టారు వచ్చాడు. ఆయనకీ అర్థమైపోయింది, ఆయనా పోయాడు. అర్థం కాలేదని ఒక్కడన్నా అని ఉంటే ఎర్నమ్మ అప్పుడే రోడ్డెక్కి ఏ లారీనో ఆపుకునేది. ముగ్గురి పరువూ నిలిచింది, గవరయ్య మిషన్ వేళ దాటిపోయింది.

తెల్లారేసరికి అతని మొహం ఉబ్బి కళ్ళు మూసుకుపోయాయి. ఎవరిదో లారీలో ఆస్పత్రికి చేర్చి కాళ్ళావేళ్ళా పడితే చివరికి మిషన్ దొరికింది, బతికాడు. ఇంకోసారి ఇలా జరిగితే మా చేతుల్లో లేదన్నారు డాక్టర్లు.

ఎర్నమ్మకి కోపం వచ్చింది. ఎలాంటి కోపం? పాలు పొంగినట్టు వచ్చింది.

ఆ యాప్ చేసిన కంపెనీ పట్నంలోనే ఉంది. దాని పెద్ద నందకిశోర్. అతని కింద విశాల అనే పిల్ల ఆ యాప్‌కి రూపురేఖలు దిద్దేది. వాళ్ళేం మనుషుల్ని అడక్కుండా చెయ్యలేదు, అది కూడా చెప్పాలి. కొత్తగా కార్లు కొన్నవాళ్ళని పిలిచేవారు. కుర్చీ వేసి కాఫీ ఇచ్చేవారు. విశాల పక్కన నిలబడి ఒక్కొక్కటీ వేలు పెట్టి చూపించేది. అర్థమైందా అండీ అని అడిగేవారు. అందరూ తలాడించేవారు. కాఫీ తాగిన చోట కాలేదని ఎవరంటారు?

ఎర్నమ్మ పిలవకుండానే ఆ గదిలోకి వెళ్ళి కూర్చుంది. కాఫీ ముట్టుకోలేదు. విశాల అంతా వివరించింది, అడిగింది.

"నాకు అర్థం కానేదు" అంది ఎర్నమ్మ.

గదిలో వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. సరే, పెద్దావిడ, మాటలు కష్టమయ్యాయనుకున్నారు. మాటలు తీసేసి బొమ్మలు పెట్టారు. మెరుపు బొమ్మ, గొలుసు బొమ్మ, పళ్ళచక్రం బొమ్మ. ఎర్నమ్మ ఇంటి దగ్గర ఎక్కించిన కరెంటు దారిలో అయిపోకుండా బండిని చీమలా నడిపించుకుంటూ తమ్ముణ్ణి ఆస్పత్రికి తెచ్చిన ప్రతిసారీ ఆ గదిలోకి వచ్చి కూర్చునేది. బొమ్మలు చూసింది.

"నాకు అర్థం కానేదు."

ఈసారి కోపం మంగలంలో పేలాల్లా చిటపటలాడింది. గొలుసు బొమ్మకీ తన కారుకీ ఏం చుట్టరికమని అడిగింది. మెరుపు బొమ్మ నొక్కితే కరెంటొస్తుందా, పిడుగు పడుతుందా అని అడిగింది. గదిలో తలాడించిన మిగతా కార్ల వాళ్ళంతా నవ్వారు.

మూడోసారి పెద్ద పాఠమే తయారుచేశారు. ఫోను తెరవగానే ఒక నవ్వుమొహం పిల్ల వచ్చి గడగడా చెప్పుకుపోతుంది. గది నిండా కార్ల వాళ్ళు. అందరికీ అర్థమైంది. ఎర్నమ్మ దగ్గరికొచ్చేసరికి మళ్ళీ అదే మాట.

"నాకు అర్థం కానేదు."

నందకిశోర్ సహనం చచ్చిపోయింది. "అమ్మా, ఇంతమందికి అర్థమైంది, మీ ఒక్కరికే కాలేదు. లోపం ఎక్కడుందో మీరే ఆలోచించుకోండి" అన్నాడు. వెనక నుంచి ఎవడో ఆవిడకి ఎడ్లబండే నయమన్నాడు.

గోడవార బల్ల మీద కూర్చున్న గవరయ్య తల దించుకున్నాడు. మెల్లగా లేచి వచ్చి అక్క చెవి దగ్గర వంగాడు.

"అప్పా, అర్థమైందని ఒక్క ముక్క అనీసి వచ్చీ. ఎల్లిపోదాం. నలుగురూ నవ్వుతున్నారు."

ఎర్నమ్మకి కోపం వచ్చింది. ఎలాంటి కోపం? ఊక కింద నిప్పులాంటిది. పొంగదు, చిటపటలాడదు.

"నీ ఊపిరి కోసం నానొస్తే, పరువు కోసం అబద్ధమాడమంటావేట్రా? ఆ ముక్క నానంటే ఈళ్ళు సంబరంగా ఇంటికెల్తారు. ఆ స్తంభం కాడ నీ పీనుగు పక్కన కూకుని అర్థమైంది అర్థమైందని ఏడవమంటావా నన్ను?"

ఎర్నమ్మ లేచి, అందరికంటే గట్టిగా తలాడించినాయన చేతిలో ఫోను పెట్టింది. పక్కన ఎవరూ చెప్పకుండా నొక్కి చూపించమంది. ఆయన విశాల మొహం వైపు చూశాడు. రెండో ఆయన చేతిలో పెట్టింది. అతనూ విశాల మొహం వైపే చూశాడు. మూడో ఆవిడా అంతే. అప్పుడు విశాలకి తెలిసింది. ఇన్నాళ్ళూ జనానికి అర్థమైంది యాప్ కాదు, పక్కన నిలబడి చెబుతున్న తన గొంతు. రోడ్డు మీద స్తంభం దగ్గర ఆ గొంతు ఉండదు.

పోనీ ఎలా ఉండాలో మీరే చెప్పండన్నాడు నందకిశోర్, ఒక మెట్టు దిగి.

"నాకేటి తెలుసు? తెలిస్తే నీ గుమ్మం ఎక్కుదునా? సెయ్యడం నీ పని. అర్థం కానేదని సెప్పడం నా పని. నా పని నాను సేసినాను."

విశాల లేచి వెళ్ళి ఎర్నమ్మ కారెక్కింది. స్తంభం దగ్గర దిగి, చున్నీతో నోరు కప్పుకుని నిలబడింది, పొరపాటున కూడా మాట జారకుండా. ఎర్నమ్మ ఫోనుని తిట్టడం మొదలుపెట్టింది. ముందు నీకు మొక్కాలా, గన్నుకి మొక్కాలా అని తిట్టింది. గుచ్చినాను, తగిలిందో లేదో సెప్పవేం అని తిట్టింది. నీకు సేతకాకపోతే ఎవర్ని పిలవాలో అదైనా సెప్పి చావమని తిట్టింది. విశాల ఆ తిట్లన్నీ మూటగట్టుకుని తీసుకెళ్ళింది. ఒక్కో తిట్టుకి ఒక్కో జవాబు రాసింది.

కొత్త యాప్ తెరిస్తే ఇలా ఉండేది. "ముందు గన్ను గుచ్చండి." గుచ్చగానే, "తగిలింది. ఇక ఇక్కడ నొక్కండి." తగలకపోతే, "సరిగ్గా తగల్లేదు. తీసి మళ్ళీ గుచ్చండి." కింద అరచేయంత ఎర్ర మీట ఒకటి, దాని మీద "అర్థం కాలేదు" అని. అది నొక్కితే మిషన్ కాదు, మనిషి పలకాలి. మన లోపం మనమే తెర మీద రాసుకోవడమేమిటని నందకిశోర్ గింజుకున్నాడు. విశాల వినలేదు.

మొదటిసారి ఆ యాప్‌తో కారు గటగటా కరెంటు తాగింది. గవరయ్య వేళకి మిషన్ ఎక్కాడు. విశాల ఆశగా చూసింది. ఎర్నమ్మ నవ్విందా? నవ్వలేదు. ఈ నాలుగు మాటలకి నా తమ్ముడి మొహం ఉబ్బాల్సి వచ్చిందా అని అడిగి, కారు తలుపు ధడాలున వేసుకుని వెళ్ళిపోయింది. ఆ కోపం ఆమెతోపాటే కాటికి పోయింది. ఆ రోజు నిప్పుకుండ పట్టుకుని ముందు నడిచింది గవరయ్యే. ఆమె దక్కించిన ఊపిరితోనే అంత దూరం నడిచాడు.

ఇప్పటికీ ఆ వైపు కొత్త కారు కొన్నవాళ్ళు ఊరు దాటకముందే ఒకసారి ఆ ఎర్ర మీట నొక్కి, మనిషి పలికాడో లేదో చూసుకుంటారు. దాన్ని ఎర్నమ్మని లేపడం అంటారు. కొత్త యాప్ చేసి జనానికి చూపించేవాళ్ళు ఇప్పటికీ నోటికి గుడ్డ అడ్డం పెట్టుకుని నిలబడతారు. ఎవరైనా మరీ త్వరగా అర్థమైందని తలాడిస్తే, ఎర్నమ్మ మీద ఒట్టేసి చెప్పమంటారు. అప్పుడు చాలామంది, లేదు, మళ్ళీ చెప్పండి అంటారు.

ఇక జరగండి, నన్ను లేవనివ్వండి. గారెలకి పప్పు సగమే రుబ్బి వచ్చాను.