అవతలి ఒడ్డున సూర్యుడు

“తవిటయ్యా! ఓ ఓడ తవిటయ్యా!” అంటూ రాజుగారి బంట్రోతు తలుపు బాదుతున్నాడర్రా. ఎక్కడంటారా? అనగనగా, సముద్రం గుమ్మం దాకా వచ్చి తొంగిచూసి పోయే ఒక ఊళ్ళో. తలుపు తీసింది ఆ ఇంటి కొత్త కోడలు పైడమ్మ. సరంగు కూతురు, అంటే ఓడ నడిపేవాడి కూతురన్నమాట.

కబురేమిటయ్యా అంటే, తవిటయ్య ఓడ ప్రయాణాల ముచ్చట్లు రాజుగారి చెవిన పడ్డాయట. వాటిని పుస్తకంగా రాయించాలట. పున్నమికి యువరాజుని ఓడెక్కించి, చుక్కాని తవిటయ్య చేతికే ఇవ్వాలట! అమ్మో, ఓడే అంది పైడమ్మ. పోనీలే, మొగుడు దాటొచ్చిన సముద్రమే కదా అనుకుంది.

సాయంత్రం అరుగు మీద రాసేవాడు తాటాకులు ముందేసుకుని కూర్చున్నాడు. తవిటయ్య అందుకున్నాడు. లంగరేస్తే కొండంత పీత పట్టుకుందట. పీతని లాగితే ఓడ ఒరిగిందట, ఓడ ఒరిగితే పులుసు ఒలికిందట, పులుసు ఒలికితే సముద్రం పుల్లబడిందట, ఆ పులుపుకి పీత తుమ్మి లంగరు వదిలేసిందట! ఊ కొడుతున్నారా? ఆ, కొట్టండి. పైడమ్మా కొట్టింది, నోరు తెరుచుకుని మరీ.

ఆఖర్న, అవతలి ఒడ్డున రోజూ పొద్దున్నే సూర్యుడు రాగిచెంబులా సముద్రంలోంచి లేచేవాడన్నాడు. పైడమ్మ ఊ ఆగిపోయింది. మనకి సముద్రం తూర్పున కదర్రా, అందుకని అందులోంచి లేస్తాడు. దాన్ని దాటి అవతల నిలబడితే? సముద్రం పడమటికి పోయింది! అక్కడ సూర్యుడు కొండల వెనక లేచి సముద్రంలో మునుగుతాడు. వాళ్ళయ్య ఎన్నిసార్లు చెప్పాడో. పీత ఉంటే ఉండొచ్చుగానీ, సూర్యుడు దారి తప్పడు కదా!

అన్నం వడ్డిస్తూ, నిజంగా చూశావా అని అడిగింది. ఈ కళ్ళతోనే అన్నాడు, మజ్జిగన్నంలోకి చూస్తూ. ఊరంతా ఓడ తవిటయ్య అంటుంటే ఇప్పుడు కాదని ఎలా అంటాడు పాపం! అనకపోతే మొగుడూ యువరాజూ గల్లంతే.

పున్నమినాడు రేవులో పైడమ్మ రాజుగారికి దణ్ణం పెట్టి ఊరి ఆచారం గుర్తుచేసింది. చుక్కాని పట్టేవాడు నడుంలోతు నీళ్ళలో నిలబడి, సముద్రపు తల్లి గంగమ్మకి పాలు పోసి, నిన్ను ఇదివరకు ఫలానప్పుడు దాటాను అని పైకి చెప్పుకోవాలి. మనుషులతో ఏమన్నా చెప్పొచ్చుగానీ గంగమ్మతో బొంకకూడదని వాళ్ళ నమ్మకం. తవిటయ్య పాలచెంబు ఎత్తాడు. పొయ్యకుండానే దించేశాడు.

“తల్లీ, నిన్ను నేను దాటనే లేదు! ఓడెక్కిన పూటే వాంతులు పట్టుకుంటే పక్క రేవులో దింపేశారు. అక్కడి పూటకూళ్ళింట్లో విన్నవాటికి నావి కలిపాను” అని బావురుమన్నాడు.

రాజుగారు కనుబొమలు ముడిచారు. అంతలో పీత తుమ్ము గుర్తొచ్చి పకపకా నవ్వేశారు. చుక్కాని పైడమ్మ అయ్యకిచ్చారు. పుస్తకం మాత్రం ఆపలేదు, మొదటి ఆకు మీద ‘ఇది తవిటయ్య దాటని సముద్రం’ అని రాయించారు.

చూశారా, కథ ఎంతైనా అల్లుకోవచ్చుగానీ, దాన్ని నమ్మి ఎవరైనా ఓడెక్కుతుంటే నిజం చెప్పెయ్యాలి. ఇక ఈ కథని కంచి దారి పట్టించి మనం దుప్పట్లో దూరదామా? ఉండండుండండి, ఒక్క మాట మిగిలింది.

ఇంటికెళ్తూ తవిటయ్య తలెత్తలేదు. ఓడవాణ్ణనేగా నన్ను చేసుకున్నావు అన్నాడు. పైడమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుని చెప్పేసింది:

“మా అయ్య ఓడ కోసం చూసి చూసి మా అమ్మ కళ్ళు కాయలు కాసిపోయాయి. నీ సూర్యుడు అబద్ధమని తెలిసిన సాయంత్రం నాకు కోపం రాలేదయ్యా. పొయ్యి దగ్గర కూర్చుని ఒక్కదాన్నే నవ్వుకున్నాను.”