కొసపాట పిల్లలది

బోడికొండ కింద, జామతోటని ఆనుకుని ఒక కళ్ళం ఉంది. ధాన్యం ఉన్నన్నాళ్ళూ అది మనుషులది. ఆఖరి బండి కదిలిపోయిందంటే చాలు, ఆ సాయంత్రం జంతువులది. ఏటా ఆ రోజే అక్కడ పాటల పండగ జరుగుతుంది. చుట్టుపక్కల ఏ దొడ్డిలోనూ ఇలాంటి పండగ లేదు. ఉందని ఎవరైనా అంటే నమ్మకండి.

ఈ పండగకి పెద్ద మైలన్న. బూడిదరంగు ముసలెద్దు, కాడి దించేసి చాలా కాలమైంది. మైలన్న పాడడు. తన గొంతు నేలబావిలో రాయి పడ్డట్టుంటుందని ఆయన నమ్మకం. కానీ ముందుకాలి గిట్ట నేలకేసి కొట్టాడంటే అదే తాళం. దాని మీద కీచురాళ్ళు శ్రుతి పట్టేవి, వడ్రంగిపిట్ట తాటిమొద్దు మీద దరువేసేది, గంగులు అనే గాడిద పాట ఎత్తుకునేవాడు. గంగులు గొంతు గురించి లోకం ఏమైనా అననివ్వండి, ఆ కళ్ళంలో మాత్రం ఆ గొంతుకి తిరుగులేదు.

అసలు అందమంతా వంతలో ఉంది. వంత పాడేది వినడానికి వచ్చినవాళ్ళే. గంగులు ఒక చరణం పాడి ఆపగానే ముందు మేకలు, ఆపైన బాతులు, ఆపైన పంటకాలవలోంచి కప్పలు అందుకుంటాయి. అన్నిటికంటే చివరి మాట, కొసపాట అంటారు దాన్ని, ఆ ఏడు పుట్టిన కోడిపిల్లలది. పిల్లలు అనేదాకా రెండో చరణం ఎత్తకూడదు. ఎంతసేపైనా ఆగాల్సిందే. ఆ పద్ధతి ఎవరు పెట్టారో ఎవరికీ తెలీదు, తప్పినవాళ్ళు మాత్రం లేరు.

ఆ ఏడు కూడా పండగ దగ్గరపడుతుంటే మైలన్న గడ్డివామి పక్కన కూర్చుని, చుక్కమ్మ పెట్ట పిల్లలకి కొసపాట నేర్పుతున్నాడు.

"బోడికొండ మీద మబ్బు దిగింది... ఇది గంగులు మావయ్యది. దిగింది దిగింది, దిబ్బ తడిసింది... ఇది పెద్దోళ్ళది. మరి మీదేంటర్రా?"

"తడిసింది! తడిసింది!" అని పిల్లలన్నీ ఒక్కసారి అరిచాయి.

"భేష్. మీ మాట పడకపోతే పాట ముందుకు కదలదు. గుర్తుంటుందా?"

"మాకు నిద్రొస్తేనో తాతా?" అంది అందరికంటే చిన్నది.

"నిద్రొచ్చినా సరే. నా గిట్ట చప్పుడు చెవినబడితే మీ నోరు దానంతటదే తెరుచుకోవాలి."

పిల్లలు నవ్వాయి. మైలన్నకి వాళ్ళని చూస్తే గర్వంగా ఉండేది. వాళ్ళమ్మకీ, వాళ్ళ అమ్మమ్మకీ కూడా ఆ మాట నేర్పింది తనే మరి.

సరిగ్గా అప్పుడే దిగాడు రసికయ్య. ఆ పేరు తనకి తనే పెట్టుకున్నాడు. పుట్టుకతో నక్క, ఊరు బోడికొండే. పట్నంలో ఒక సంగీత సభామండపం వెనక ఏడాదిపాటు కాపురముండి, విస్తళ్ళలో మిగిలిన గారెలూ బూరెలూ తిని ఒళ్ళు చేసి తిరిగొచ్చాడు. మెడలో పట్టు కండువా ముక్క ఒకటి. మాటకి ముందు "శభాష్", మాటకి వెనక "అద్భుతం".

"నన్ను చూసి జంకకండి. శాకాహారం అలవాటైపోయింది. కోడి వాసనొస్తే కడుపులో తిప్పుతుంది నాకు," అన్నాడు.

చుక్కమ్మకి అది కాస్త అవమానంగా అనిపించినా ఊరుకుంది.

మర్నాడు పండగ సంగతి మాట్లాడుకోడానికి అందరూ కూడితే రసికయ్య కూడా వచ్చి మధ్యలో కూర్చున్నాడు.

"నేనో మాట చెప్తాను, ఏమీ అనుకోకండి. మీ పాటల పండగ గురించి కొండవతల ఏమనుకుంటున్నారో తెలుసా? సంత అనుకుంటున్నారు. ఒకడు పాడటం, అందరూ అరవటం! పట్నంలో అయితే ఒక్కరే పాడతారు. మిగతావాళ్ళు కళ్ళు మూసుకుని, నోరు మెదపకుండా వింటారు. అదీ వినడమంటే."

"కళ్ళెందుకు మూసుకోవడం?" అని అడిగింది కాలవగట్టు మీద కూర్చున్న బోదురమ్మ. కప్పలందరిలోకీ పెద్దది, నోటికి అదుపు లేనిది.

"పాట లోపలికి దిగడానికమ్మా."

"మాకు చెవుల్లోంచే దిగుతుంది నాయనా."

కొందరు నవ్వారు గానీ, గంగులు నవ్వలేదు. తల వంచుకుని, "కొండవతల నిజంగా అలా అనుకుంటున్నారా?" అన్నాడు.

"నీ గొంతు గురించి కూడా అనుకుంటున్నారు. నా నోటితో చెప్పలేను, వదిలెయ్."

అంతే, గంగులు చెవులు రెండూ వేలాడిపోయాయి. రసికయ్య ఇటు తిరిగాడు. జామకొమ్మ మీద పించం సర్దుకుంటున్న నెమలిని చూపించి, "ఇంత అందగాణ్ణి దగ్గరుంచుకుని మీకు గాడిద పాటేమిటండీ?" అన్నాడు. నెమలి పించయ్య అప్పటికప్పుడే గొంతు సవరించుకున్నాడు. ఆ సవరింపు విని వడ్రంగిపిట్ట ఎగిరిపోయింది.

"మరి వంతో?" అన్నాడు మైలన్న.

"వంత వద్దు పెద్దాయనా."

"నా తాళం?"

"గిట్టతో నేల తొక్కడాన్ని పట్నంలో తాళమనరు. మీరు పెద్దవాళ్ళు, వెనకాల గడ్డిలో హాయిగా కూర్చోండి."

మైలన్న అందరి మొహాలూ చూశాడు, ఎవరైనా ఒక్కమాట అంటారేమోనని. మేకలు నేల చూశాయి. బాతులు ఆకాశం చూశాయి. కొండవతల నవ్వుతున్నారన్న మాట వాళ్ళ మనసులో ముల్లులా దిగిపోయింది. చుక్కమ్మ మాత్రం, "మా పిల్లలు కొసపాట నేర్చుకున్నారు బాబూ," అంది మెల్లగా.

"నీ పిల్లలకి ముందు వరస చెల్లెమ్మా! అల్లరి చెయ్యకుండా వాళ్ళ పక్కన నేనే కూర్చుంటాను."

ముందు వరస అనేసరికి చుక్కమ్మ మెత్తబడింది. తన పిల్లలు అందరి ముందు కూర్చుంటారంటే ఏ తల్లికి సంబరం ఉండదు చెప్పండి.

మైలన్న ఆ రోజంతా మేత ముట్టలేదు. ఈ కాలు ఇక పనికిరాదన్నమాట అనుకుంటూ ముందుకాలి వంక చూసుకున్నాడు. కాడి దించినప్పుడు కూడా ఆయనకి అంత బాధ కలగలేదు.

ఆఖరి బండి వెళ్ళిపోయింది. పొద్దు కొండ మీద ఉండగానే కళ్ళం నిండింది. తోట చివర కాపలా కుక్కలు, ఏటా వినే గొంతులే కదా అని, చెవులు వాల్చుకుని పడుకున్నాయి. పించయ్య తాటిమొద్దెక్కి పించం విప్పాడు. అందరూ రసికయ్య చెప్పినట్టు కళ్ళు మూసుకున్నారు. వెనకాల గడ్డిలో మైలన్న కూడా మూసుకున్నాడు. తెరిచి చూసేందుకు ఆయనకేం మిగిలింది గనక?

ముందు వరసలో రసికయ్య కోడిపిల్లల చెవిలో గుసగుసలాడాడు. "మనం ఒక ఆట ఆడదామా? బండివాళ్ళు వదిలేసిన ఈ గోనెసంచిలోకి దూరి, కిక్కురుమనకుండా ఎవరు కూర్చుంటారో వాళ్ళకి నూకలు."

గంప కింద చీకట్లో పడుకోవడం పిల్లలకి అలవాటే. ఒకదాని వెనక ఒకటి బుద్ధిగా దూరేశాయి. అందరికంటే చిన్నది ఆఖరున దూరింది. రసికయ్య సంచి మూతి పళ్ళతో కరిచిపట్టి, అడుగులో అడుగు వేసుకుంటూ గడ్డివామి వైపు కదిలాడు. చూసేవాళ్ళు లేరు. పించయ్య కూడా తన పాటకి తనే మురిసిపోయి కళ్ళు మూసుకున్నాడు.

"బోడికొండ మీద మబ్బు దిగిందీ..." అని సాగదీశాడు పించయ్య.

ఆ పాట మబ్బుని దింపేలా లేదు, తరిమేసేలా ఉంది. అయినా చరణం చరణమే. చరణం చివరికొచ్చి ఆగేసరికి, వద్దు వద్దని మైలన్న మనసు అంటూనే ఉంది, ఆయన ముందుకాలు వినలేదు. ధన్ మని నేల మీద పడింది.

ఆ చప్పుడు చెవినబడగానే మేకలకి పట్నం మర్యాద గుర్తులేకుండా పోయింది. "దిగింది దిగింది" అని అందుకున్నాయి. బాతులు "దిబ్బ తడిసింది" అన్నాయి. కాలవలో కప్పలన్నీ ఒక్క గొంతై పలికాయి. వంత వచ్చి వచ్చి ముందు వరస దగ్గర ఆగింది.

కొసపాట పడలేదు.

అందరూ ఎదురుచూశారు. ఏటా చూసినట్టే చూశారు. కీచురాళ్ళు కూడా శ్రుతి ఆపేశాయి. ఒక్కొక్కరే కళ్ళు తెరిచారు. చుక్కమ్మ కళ్ళు తెరిచి ముందు వరస వైపు చూసి, "నా పిల్లలు! నా పిల్లలేరీ?" అని రెక్కలు కొట్టుకుంటూ లేచింది.

గడ్డివామి పక్కన రసికయ్య కాలెత్తినవాడు ఎత్తినట్టే నిలబడిపోయాడు. సంచి మెల్లగా కిందపెట్టి నవ్వాడు.

"పిల్లలు కదమ్మా, ఆడుకోడానికి తోటలోకి పరిగెత్తారు. నేను వెతకడానికే బయల్దేరాను. అటు వెళ్ళండి, అందరూ అటు వెళ్ళండి!"

"ఆ సంచేమిటి?" అంది బోదురమ్మ.

"తలగడ. పట్నంలో పాట వినేవాళ్ళు తలగడ లేకుండా కూర్చోరు."

మేకలు అప్పుడే తోట వైపు పరిగెత్తబోతున్నాయి. అందరూ అటు పోతే కళ్ళం ఖాళీ, నక్కకి దారి ఖాళీ. మైలన్నకి అది అర్థమైంది. కొమ్ములు పెట్టి పొడుద్దామంటే సంచిలో పిల్లలుంటేనో? పొడవకపోతే వాడు ఒక్క ఉరుకులో గడ్డివామి దాటేస్తాడు. ఆ క్షణంలో ఆయనకి పిల్లలతో తనన్న మాటే గుర్తొచ్చింది.

"ఆగండర్రా! ఎవరూ కదలొద్దు!" అని రంకె వేశాడు. "కొసపాట పడకుండా కళ్ళం వదిలి ఎప్పుడైనా వెళ్ళామా? ఎక్కడివాళ్ళక్కడే కూర్చోండి. పాట మళ్ళీ ఎత్తుకోవాలి."

"ఎవరు ఎత్తుకోవాలి?" అన్నాడు గంగులు. "నా గొంతు పెగలట్లేదు మావయ్యా."

"నేను."

అందరూ నోళ్ళు వెళ్ళబెట్టారు. మైలన్న పాడగా విన్నవాళ్ళు ఆ కళ్ళంలో ఒక్కరూ లేరు. ఆయన గిట్ట నేలకేసి కొట్టి, బావిలో రాయి పడ్డలాంటి ఆ గొంతుతోనే ఎత్తుకున్నాడు.

"బోడికొండ మీద మబ్బు దిగింది!"

గంగులుకి సిగ్గంతా ఎక్కడికి పోయిందో, రెండు చెవులూ నిక్కబొడుచుకుని మేకలతో కలిశాడు. బాతులు కలిశాయి. కప్పలు కలిశాయి. చుక్కమ్మ ఏడుస్తూనే పాడింది. పించయ్య కూడా పించం ముడుచుకుని మొద్దు దిగొచ్చి, అందరిలో ఒకడై పాడాడు. దిగింది దిగింది, దిబ్బ తడిసింది. అంత గట్టిగా ఆ వంత ఏనాడూ పలకలేదు. మైలన్న ఇంకోసారి గిట్ట కొట్టి ఊపిరి బిగబట్టాడు.

గోనెసంచి కదిలింది.

"తడిసింది! తడిసింది! తడిసింది!"

మొదటిసారి నూకల ఆశతో నోరు మూసుకున్నాయి గానీ, ఈసారి నూకలు పోతే పోయాయని పిల్లలు కొసపాట వదల్లేదు. అన్నీ అరిచి ఊరుకున్నాక, సంచి మూతి దగ్గర్నుంచి సన్నగా, ఆలస్యంగా ఇంకో గొంతు వచ్చింది. "తడిసింది!" అది అందరికంటే చిన్నది.

చుక్కమ్మ ఒక్క ఎగురు ఎగిరి సంచి మీద వాలింది. మేకలు కొమ్ములు దించి నక్క చుట్టూ నిలబడ్డాయి. దారికి అడ్డంగా మైలన్న వచ్చి నిలుచున్నాడు. పిల్లలు ఒక్కొక్కటే బయటికొచ్చి, "మా నూకలేవి?" అని నక్కనే అడిగాయి.

"తమాషాకి చేశాను బావగారూ," అన్నాడు రసికయ్య కండువా సర్దుకుంటూ. బెదిరితే నక్కకి ఎక్కడలేని చుట్టరికాలూ గుర్తొస్తాయి.

"అలాగే. ఈ కళ్ళంలోకి వచ్చినవాళ్ళు వంత పాడకుండా వెళ్ళకూడదు. మా పద్ధతి. నువ్వు కూడా ఒక మాట అనేసి వెళ్ళు," అన్నాడు మైలన్న.

"అంతేనా?"

"అంతే. మా వైపు నుంచి నిన్ను ఎవరూ ముట్టుకోరు."

"పట్నం చూసొచ్చిన గొంతు కదా, కాస్త నోరారా పాడు బాబూ," అంది బోదురమ్మ.

ఇంత చవగ్గా వదులుతున్నారా, వీళ్ళెంత వెర్రిబాగులవాళ్ళు అనుకున్నాడు రసికయ్య. మెడ పైకెత్తి, కళ్ళు మూసుకుని, పట్నంలో విన్న గమకాలన్నీ కలిపి ఒక్క ఊళ వేశాడు.

తోట చివర కుక్కల చెవులు లేచాయి. ఏటా వినే గొంతుల్లో ఇది లేదు. మరుక్షణం కుక్కలూ లేచాయి.

అవి వచ్చేటప్పటికి మేకలు పక్కకి తప్పుకుని మర్యాదగా దారిచ్చాయి. రసికయ్య ఎటు పరిగెత్తాడో, కొండ ఎక్కాడో దిగాడో ఎవరూ చూడలేదు. పట్టు కండువా మాత్రం ముళ్ళకంపకి తగులుకుని ఉండిపోయింది. చుక్కమ్మ దాన్ని తెచ్చి పిల్లల కింద పక్కగా పరిచింది.

"కొండవతల మనల్ని చూసి నవ్వుతున్నారన్నాడు మావయ్యా," అన్నాడు గంగులు. ఆ ముల్లు ఇంకా పూర్తిగా పోలేదు.

"నవ్వనీ. ఇంతమంది కలిసి పాడే పాట వాళ్ళకుందా?" అన్నాడు మైలన్న. అని, ఛాతీ విరుచుకుని తాటిమొద్దు పక్కన తన చోట నిలబడ్డాడు. "ఎత్తుకో."

గంగులు ఎత్తుకున్నాడు. వడ్రంగిపిట్ట తిరిగొచ్చి దరువందుకుంది. నక్కని తరిమి రొప్పుతూ వచ్చిన కుక్కలు, తోటకి పోకుండా బాతుల వెనక కూర్చుని తామూ ఒక వరసయ్యాయి. ఆ ఏటి పండగంత గొప్ప పండగ ఇంకోటి జరగలేదు. ప్రతి చరణం దగ్గరా కళ్ళం మొత్తం ఆగింది, ఆ చిన్న గొంతు ఆలస్యంగా వచ్చి "తడిసింది" అనేదాకా. అందరి కళ్ళూ బార్లా తెరిచే ఉన్నాయి.

నీతి: అందరూ గొంతు కలిపే చోట, ఒక్క చిన్న గొంతు తగ్గినా ఇట్టే తెలిసిపోతుంది.