జుబేదా తలలో చిక్కు

హాజిరా తల దువ్వుకుంటుంటే పక్కగదిలోకి వినిపించేది. పట్ పట్‌మని వెంట్రుకలు తెగే చప్పుడు.

ఆమెది కాకరతీగ కొసల్లా చుట్టుకుపోయే జుట్టు. ఎప్పుడో సంస్థానం గుర్రపుశాలలో కొలువుకని ఆఫ్రికా నుంచి సముద్రం దాటి వచ్చిన సిద్దీల ఇంటి పిల్ల. ఆ జుట్టంటే ఆమెకు చిన్నప్పటి నుంచీ కోపం. ఊళ్లో ఆడపిల్లలు ముళ్లకంప అని వెక్కిరించేవారు. అందుకని పొద్దున లేవగానే సన్నపళ్ల దువ్వెన నెత్తిన గుచ్చి, కిందికి ఒక్క గుంజు గుంజి, నుదురు లాగేసేంత బిగించి ముడి వేసేది. దువ్వెనకు చిక్కిన వెంట్రుకల ఉండను పొయ్యిలో పడేసేది.

గుట్టమీద దర్గా చూసుకునే మర్జానా దాదీ దగ్గరికి ఆమె శిష్యురాలిగా వచ్చింది. దాదీ కూడా సిద్దీయే. తెల్లటి జుట్టు, విచ్చిన పత్తికాయలా తలచుట్టూ నిండుగా ఉండేది. గాలి సోకిందని, దయ్యం పట్టిందని చుట్టుపక్కల ఊళ్ల నుంచి ఆడవాళ్లను ఆమె దగ్గరికే తెచ్చేవారు. దాదీ వాళ్లను సమాధి గడప దగ్గర కూర్చోబెట్టుకుని తలమీద చెయ్యి వేసేది. పెదవులు కొద్దిగా కదిలేవి. సాయంత్రానికి వాళ్లు తమ కాళ్లమీద తాము గుట్ట దిగేవారు.

ఆ పెదవుల మీది మాట నేర్చుకోవాలన్నది హాజిరా పంతం. దాదీ మాత్రం వేరే మాటలు చెప్పేది.

"పొడి జుట్టు మీద దువ్వెన పెట్టకు బిడ్డా" అంది వచ్చిన కొత్తల్లో.

కొన్నాళ్లకు, "కుంకుడు రసం మాటిమాటికీ వద్దు. తలలో నూనె చుక్క మిగలనియ్యదు" అంది.

ఇంకొన్నాళ్లకు, "తడిజుట్టును అట్ల రుద్దకు. గుడ్డతో అద్దు, చాలు" అంది.

హాజిరా ఒకరోజు వినేది, మర్నాడు మానేసేది. చివరికి ఒక ఉదయం ఉండబట్టలేక అడిగేసింది.

"దాదీ, నేను దయ్యాలను దించడం నేర్చుకుందామని వచ్చిన. తల దువ్వుకోనీకి కాదు. ఎప్పుడు చెప్తవు?"

దాదీ కోప్పడలేదు. సంచీ భుజాన వేసుకుంది. "తలకు పట్టించే దూసరి ఆకు అయిపోయింది. అవతలి వాలుకు పోయొస్త. ఎవరన్న వస్తే నీళ్లియ్యి, కూర్చోబెట్టు" అని చెప్పి వెళ్లిపోయింది.

మధ్యాహ్నం వాళ్లు వచ్చారు.

ముందుగా హాజిరాకు తెలిసింది చప్పుడు కాదు, చప్పుడు లేకపోవడం. ఎండకు గుట్టంతా రొద పెడుతున్న కీచురాళ్లు కింది నుంచి ఒక్కో పొదా ఒక్కో పొదా ఆగిపోతూ వచ్చాయి. ఆ నిశ్శబ్దం మెట్లెక్కి దర్గా వాకిట్లోకి వచ్చాక, దాని వెనకే ఒక మనిషి భార్యను వీపున మోసుకుంటూ పైకొచ్చాడు. అతని పేరు మౌలాలి. వెనక అతని తల్లి మదారమ్మ. ఆమె చేతిలో గుడ్డలో చుట్టిన ఇనుప కమ్మీ ఉంది.

వీపు మీద ఉన్నది జుబేదా. హాజిరా ఆమె ముఖంలోకి వంగి చూసింది. తనలాంటి ముఖం తీరే, తనలాంటి జుట్టే, సిద్దీల ఇంటి మనిషి. కానీ ఆ జుట్టు ఇక జుట్టుగా లేదు. మెడ నుంచి నడుము దాకా ఒక్కటే ముద్ద. తడి లేకపోయినా తడిసినట్టు నల్లగా మెరుస్తోంది.

"వానాకాలం వాళ్లమ్మ పోయింది" అన్నాడు మౌలాలి, భార్యను గడప దగ్గర దించి. "వాగు నిండుగ ఉండె. మేం పోలేకపోయినం. గోరీల పిడికెడు మట్టి ఏసేది కూడా అందలేదు. అప్పటి సంది తల ముట్టనియ్యదు. దువ్వెన చూపిస్తే అరుస్తది. ఆ అరుపు ఆమెది కాదు."

మదారమ్మ కూర్చోలేదు. "పొద్దుగూకేలోపు దిగకుంటే నడినెత్తిన వాత పెట్టాల్నని మా ఊరి మంత్రగాడు చెప్పిండు. లేకుంటే ఇంట్ల ఇంకో పీనుగ లేస్తదట. నాకు చేతులు రావమ్మా. కానీ ఉయ్యాలల మనుమడున్నడు." "దాదీ ఏది?"

"ఆకుకు పోయింది" అంది హాజిరా. ఆమెకు తన గొంతే కొత్తగా వినిపించింది. "నేనున్న కదా. మీరు బయట మెట్ల మీద కూర్చోండి."

వాళ్లు వెళ్లాక జుబేదా వెనక కూర్చుంది. దాదీ పెదవుల కదలికను బట్టి తాను ఊహించుకున్న ఒక ప్రార్థనను గొణిగింది. చిక్కుముద్దను మెడ దగ్గర, మొదట్లో, గుప్పిట పట్టింది. దయ్యం జుట్టులో ఉంటుందనీ, జుట్టు పట్టుకుని ఈడిస్తే దిగుతుందనీ అందరూ అంటారు. ఊపిరి బిగబట్టి గుంజింది.

"గట్టిగ గుంజు" అంది ఒక గొంతు.

బొంగురు గొంతు. జుబేదా పెదవులు కదలలేదు. ఆమె కళ్లు తెరుచుకుని ఎదురుగోడను చూస్తున్నాయి. ఆ మాట హాజిరా అరచేతి కిందినుంచి వచ్చింది.

"గుంజు. నీది గుంజినట్టే గుంజు."

హాజిరా రెండో చెయ్యి నేలకు అదిమి మళ్లీ లాగింది. ముద్ద కదల్లేదు. వేళ్ల మధ్యకు వెంట్రుకలు జారి వచ్చాయి. తడిసిన నులక తాడు బిగుసుకున్నట్టు ఒక్కో వేలి చుట్టూ బిగుసుకున్నాయి. చల్లగా ఉన్నాయి. చెయ్యి వెనక్కి తీసుకోబోయింది. రాలేదు.

"పొద్దున నీ దువ్వెనకు వచ్చినవి ఏం చేసినవు?" అని అడిగింది గొంతు, ఇప్పుడు నెమ్మదిగా, చుట్టం పలకరించినట్టు. "పొయ్యిలో ఏసినవు. కాలేటప్పుడు అవి ఏమన్నయో విన్నవా?"

హాజిరా అరిచింది.

బయట మెట్ల దగ్గర చెకుముకి రాయి చప్పుడైంది. కాసేపటికి పొగ వాసన వచ్చింది. మదారమ్మ కమ్మీ కాలుస్తోంది. ఏడుస్తూ కాలుస్తోంది. మౌలాలి "వద్దమ్మా, కొంచెం ఆగు" అంటున్నాడు. అంటున్నాడే గాని లేచి ఆపడం లేదు.

హాజిరా ఎంత లాగితే జుట్టు అంత బిగిసింది. వేళ్ల కొసలు నీలంగా తిరిగాయి. జుబేదా మాత్రం గోడకేసి చూస్తూనే ఉంది, వేరే ఎవరి తలనో లాగుతున్నట్టు.

అప్పుడు దాదీ నీడ గడపమీద పడింది.

సంచీ దించి, ముందు మదారమ్మ వైపు తిరిగింది. "కమ్మీ చల్లారనియ్యి."

"పొద్దు వాలుతుంది దాదీ!"

"వాలనీ. అది రోజూ వాలుతది."

లోపలికొచ్చి హాజిరా చేతినీ, ఆ ముద్దనూ చూసింది.

"తియ్యి దాదీ, నా చెయ్యి తియ్యి!"

"గుంజకు" అంది దాదీ. "అట్లనే ఉంచు. పిల్ల తలమీద పెట్టినట్టు ఉంచు."

ఆమె ఏ ధూపమూ వెయ్యలేదు. గుట్టమీది రాతిదొనలోంచి కుండెడు నీళ్లు తెచ్చుకుంది. సంచీలోని దూసరి ఆకు దోసిళ్లతో తీసి నీళ్లలో నలిపి నలిపి పిండింది. నీళ్లు పచ్చగా, చిక్కగా, జిగురుగా మారాయి. ముందు ఉట్టి నీళ్లు దోసిట్లో పట్టి ఆ ముద్దమీద పోసింది. తొందర పడలేదు. ఎండిన నేల తాగినట్టు జుట్టు తాగింది. తర్వాత ఆ పచ్చటి జిగురు పట్టించింది. తర్వాత అరచేతిలో ఆముదం పోసుకుని, రెండు చేతులూ రుద్దుకుని, మెల్లగా అద్దింది.

అప్పుడు జుబేదా వెనక చతికిలబడి, ముద్ద అట్టడుగున, నడుము దగ్గర, వెంట్రుకల కొసలు నాలుగు వేళ్లతో పట్టుకుంది. విడదీసింది. బొటనవేలంత మేర విడిపోయింది. దాని పైన ఇంకో బొటనవేలంత.

బొంగురు గొంతు బూతులు తిట్టింది. దర్గానూ, దాదీనీ, దాదీ తల్లినీ తిట్టింది. దాదీ పెదవులు కదిలాయి. ఈసారి హాజిరా ఆమె పక్కనే ఉంది, చెవి ఆమె భుజానికి తగిలేంత దగ్గర. ఇన్నాళ్లూ నేర్చుకోవాలని తపించిన మాట చివరికి వినబడింది.

"ఊఁ" అంటోంది దాదీ. "ఊఁ... ఊఁ..."

అంతే. పక్కన పడుకున్నవాళ్లు కథ చెబుతుంటే ఊఁ కొట్టినట్టు.

చిక్కు వీడేకొద్దీ లోపలివి ఒక్కొక్కటే బయటపడ్డాయి. ఎండిన చింతాకు. ఎర్రదారం పోగు. విరిగిన దువ్వెన పళ్లు, ఒకటి కాదు, గుప్పెడు. రాతి నేలమీద పడుతుంటే నోట్లోంచి రాలుతున్నట్టే టక్కు టక్కుమన్నాయి. నడుము నుంచి వీపు మధ్య దాకా వచ్చేసరికి దాదీ వేళ్లకు ఒక మల్లెమొగ్గ తగిలింది. బయటికి తీసింది. తెల్లగా, తడిగా, ఇప్పుడే కోసినట్టు ఉంది.

గుమ్మంలో నిలబడి చూస్తున్న మౌలాలి గోడ పట్టుకున్నాడు. "మా ఊళ్లె మల్లెచెట్టు లేదు" అన్నాడు. "వాళ్లమ్మ పెరట్ల ఉండె."

దాదీ మొగ్గను జుబేదా ఒళ్లో పెట్టింది. మళ్లీ కొసలు పట్టుకుంది.

బొంగురు గొంతు అలసిపోయింది. దాని కిందినుంచి ఇంకో గొంతు వచ్చింది, పెద్దామెది, ఎక్కడో పెరట్లోంచి పిలుస్తున్నట్టు. "జుబ్బూ, ఇట్ల కూర్చో. ఇట్ల, ఎండకు వీపు పెట్టి." మౌలాలి మొహం తిప్పుకున్నాడు. ఆ గొంతు అతనికి తెలుసు. మెట్లమీద మదారమ్మ కమ్మీ సంగతి మరిచిపోయి లేచి గుమ్మంలోకి వచ్చింది.

"ఊఁ" అంది దాదీ.

ఇక మిగిలింది మెడ దగ్గర, హాజిరా చేతి చుట్టూ ఉన్నదే. దాదీ వేళ్లు అక్కడికి వచ్చి ఆగాయి. లోపలినుంచి ఒక చిన్నపిల్ల గొంతు వచ్చింది. ముక్కు ఎగబీలుస్తున్న గొంతు.

"మెల్లగ అమ్మీ. నొస్తుంది."

దాదీ ఊఁ కొట్టలేదు. ఆ పిల్ల ఇంకెవరి జవాబు కోసమో ఎదురుచూస్తున్నట్టు అనిపించింది.

"మెల్లగనే బిడ్డా" అన్నారు ఎవరో.

అన్నది తానేనని హాజిరాకు కాసేపటికి గాని తెలియలేదు. చిన్నప్పుడు తన తల మీద దువ్వెన పడ్డ ప్రతిసారీ తాను వినాలనుకున్న మాట అది. ఎవరూ అనలేదు. కళ్లలో నీళ్లు తిరిగి ఎదురుగా ఉన్నది మసకబారింది. తెలియకుండానే ఆమె వేళ్లు చిక్కులో కొద్దిగా కదిలాయి, లాగడానికి కాదు, దారి వెతకడానికి. ఒక పాయ జారింది. ఇంకోటి. చూపుడువేలు బయటికొచ్చింది, తర్వాత ఉంగరపు వేలు. చెయ్యి పూర్తిగా వచ్చేసరికి వేళ్లన్నిటి చుట్టూ సన్నటి ఎర్రని గీతలున్నాయి.

"మిగిలింది నువ్వు తియ్యి" అంది దాదీ, పక్కకు జరిగి.

హాజిరా తీసింది. కొసనుంచి తీసింది.

జుబేదా మొదటిసారి కళ్లార్పింది. ఒళ్లో మొగ్గను చూసుకుంది. గుమ్మంలో ఉన్న మదారమ్మను చూసింది. "అత్తా, పిల్లగాడు పాలు తాగిండా?" అని అడిగింది. అది ఆమె గొంతే.

మదారమ్మ చతికిలబడిపోయి, కోడలి కాళ్లు పట్టుకుని ఏడ్చింది. ఏడుపు తగ్గాక కొంగుతో మొహం తుడుచుకుంది.

"తాయెత్తు కట్టు దాదీ. మళ్లీ రాకుండ."

"ఎందుకు?" అంది దాదీ. "పొడిగ ఉన్నప్పుడు దువ్వకు. ముందు నీళ్లు, ఎనక నూనె. కొసనుంచి వేళ్లతోటి విప్పి, ఆనక ఎడమెడంగ పళ్లున్న దువ్వెన. జడ బిగియ్యకు. పండుకునేటప్పుడు మెత్తటి పాతచీర ముక్క తలకు చుట్టు."

"ఎవరు చెయ్యాలె ఇదంత?"

"నువ్వే."

మదారమ్మ తన రెండు చేతులనూ తిప్పి చూసుకుంది. కమ్మీ పట్టుకున్నప్పటి మసి వాటికి ఇంకా అంటుకునే ఉంది. లేచి, దొన దగ్గరికి పోయి, చాలాసేపు కడుక్కుంది.

మౌలాలి బండి కట్టడానికి గుట్ట దిగాడు. జుబేదా గడప మీదే పక్కకు ఒరిగి నిద్రపోయింది. విప్పిన జుట్టు రాతి మీద పరుచుకుని ఆరుతోంది. కాకరతీగ కొసల్లాంటి వేల మెలికలు, దేనికది విడివిడిగా.

హాజిరా దాదీ పక్కకు వచ్చి, గొంతు తగ్గించి అడిగింది.

"దాన్ని ఎక్కడికి పంపినవు దాదీ?"

దాదీ గడపవైపు చూసింది. హాజిరా కూడా చూసింది. గాలి లేదు. దర్గా మీది పచ్చజెండా కర్రకు అంటుకుని వేలాడుతోంది. జుబేదా ఛాతీ నిదానంగా లేచి పడుతోంది. రాతి మీది జుట్టు కూడా లేచి పడుతోంది. కానీ రెండూ కలిసి కాదు. జుట్టుది ఇంకా చిన్న ఊపిరి, పసిపిల్లలది.

"ఎక్కడికి పోతది?" అంది దాదీ, నూనెగిన్నె మీద మూత పెడుతూ. "ఇప్పుడే పండుకుంది. లేపకు."