గవరయ్య ఇంట్లో రౌటర్ బారసాల

గుమ్మడివలసలో తెలివంతా తమ ఇంట్లోనే కాపురం పెట్టిందని గవరయ్యకి గట్టి నమ్మకం. భార్య వరహాలమ్మా, తమ్ముడు పోలయ్యా ఆ మాటకి రోజూ తలూపేవారు. ఊళ్ళో మిగతావాళ్ళకి ఒక మాట చెబితే పది అర్థాలు తీస్తారు. వీళ్ళు అలా కాదు, చెప్పింది చెప్పినట్టు చేసేస్తారు. ఇంతటి మేధావులు ఉండగా వేరేవాళ్ళెందుకని, కంపెనీవాళ్ళు ఊరి ఇంటర్నెట్ సెంటర్ వీళ్ళకే అప్పజెప్పారు.

ఒకరోజు సెంటర్‌కి కొత్త రౌటర్ వచ్చింది. దాన్ని కంప్యూటర్‌కి తగిలించి, నల్ల తెర మీద ఒక్కో ఆజ్ఞా టైపు చేస్తే గానీ అది మాట వినదు. సాయంత్రంలోగా అది పనిచేసి తీరాలి. వరహాలమ్మ అంగన్‌వాడీ ఉద్యోగానికి నెట్‌లో దరఖాస్తు పంపడానికి ఆ రోజే ఆఖరు. ఆ ఉద్యోగం కోసం ఆవిడ ఎన్నాళ్ళుగానో కాచుక్కూర్చుంది.

పట్నం నుంచి ఇంజినీరు శ్రీకర్ ఫోన్ చేశాడు. "గవరయ్యగారూ, నేను చెప్పినట్టు చెయ్యండి చాలు. సొంత తెలివి వాడకండి."

"అంత తెలివీ వృథా అయిపోతుందేమోనండి," అన్నాడు గవరయ్య బాధగా.

"ముందు ఎనేబుల్ అని కొట్టండి."

అంతే. గవరయ్య "ఎనేబుల్!" అని అరిచి రౌటర్ నెత్తిన ఒక్కటిచ్చాడు.

"ఇప్పుడేం కనిపిస్తోంది?"

"సొట్ట కనిపిస్తోందండి."

కొట్టడమంటే టైపు చెయ్యడమని శ్రీకర్ విడమరిచి చెప్పాడు. ఆ ముక్క ముందే చెప్పలేని చదువూ ఒక చదువేనా అని గవరయ్య జాలిపడి, టైపు చేశాడు. తెర పాస్‌వర్డ్ అడిగింది.

"ఇవ్వండి మరి," అన్నాడు శ్రీకర్.

"ఎవరికీ చెప్పొద్దని మొన్న మీరే అన్నారుగా?"

"రౌటర్‌కి చెప్పొచ్చండీ!"

"ఇవాళే వచ్చింది. దాని బుద్ధి ఎలాంటిదో ఏమిటో," అంది వరహాలమ్మ.

శ్రీకర్ బతిమాలగా బతిమాలగా, గవరయ్య తమ్ముణ్ణి బయటికి పంపి, తలుపేసి, రౌటర్‌కి చెవి ఎక్కడుందో వెతికి, గుసగుసగా చెప్పాడు. అది ఉలకలేదు, పలకలేదు. చివరికి అదీ టైపు చేశాడు.

"హమ్మయ్య. ఇప్పుడు దానికో పేరు పెట్టాలి."

ఇంకేముంది! వరహాలమ్మ పొయ్యి మీద పాయసం పెట్టింది. పోలయ్య పరుగున వెళ్ళి పురోహితుణ్ణి తీసుకొచ్చాడు. రౌటర్‌ని ఉయ్యాల్లో పడుకోబెట్టి నూకరాజని పేరు పెట్టి, తెర మీదా అదే టైపు చేశారు. వెనకాల రెండు యాంటెనా కొమ్ములూ జడల్లా ఉన్నాయి, ఆడపిల్లేమోనని వరహాలమ్మకి మాత్రం అనుమానం పోలేదు.

"పేరయింది. ఇప్పుడు అడ్రస్ ఇవ్వండి," అన్నాడు శ్రీకర్.

"ఇచ్చానండి. కేరాఫ్ గవరయ్య, చింతపండు గోదాము ఎదురుగా. తెర ఒప్పుకోవడం లేదు."

"అంకెలండీ, అంకెలు!" అని శ్రీకర్ ఒక్కొక్క అంకే ఏడుపు గొంతుతో చెప్పి టైపు చేయించాడు. "ఇప్పుడు నో షట్‌డౌన్ అని టైపు చెయ్యండి. అంటే, మూసి ఉంచొద్దని."

గవరయ్య టైపు చేసి తమ్ముడికి సైగ చేశాడు. పోలయ్య సెంటర్ షట్టర్ ఊడబీకి వీధిలో పారేశాడు. ఇక మూద్దామన్నా మూయడానికేమీ లేదు.

"అబ్బ, అంతా సరిపోయింది!" శ్రీకర్ గొంతులో ప్రాణం లేచొచ్చింది. "సేవ్ కూడా అయింది. ఇక రీలోడ్ చేసేస్తే పనైపోయినట్టే. కాసేపాగి ఫోన్ చేస్తాను."

రీలోడంటే గవరయ్యకి ఎవరూ చెప్పక్కర్లేదు. లోడంటే బండికెత్తడం, రీలోడంటే మళ్ళీ ఎత్తడం. అంతే, తీగలన్నీ పీకి, రౌటర్‌ని దుప్పట్లో చుట్టి, దారిన పోతున్న సరుకుల ఆటో ఆపి ఎక్కించారు. వరహాలమ్మ గబగబా దరఖాస్తు రాసుకొచ్చి దుప్పట్లో దోపింది. "నెట్‌లోనే పంపాలన్నారుగా!"

"ఎక్కడ దించాలి బాబూ?" అన్నాడు ఆటోవాడు.

"దించమని ఎవరూ చెప్పలేదే! నువ్వు పద," అన్నాడు గవరయ్య. పేరుపెట్టి పెంచుకుందామనుకున్న పిల్లాయె, అతని కళ్ళు చెమర్చాయి.

ఇంతలో ఫోన్ మోగింది. "గవరయ్యగారూ, లైట్లు వెలుగుతున్నాయా?"

గవరయ్య కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకుని వీధి చివర ఆటోకేసి చూశాడు.

"దివ్యంగా వెలుగుతున్నాయండి. రెండూ ఎర్రగా ఉన్నాయి. ఇప్పుడే మలుపు తిరిగాయి."