విరగని ఇరుసుల చాటింపు

ఈ మాట ఇంతవరకూ ఎవరితోనూ అనలేదు. మా షోరూములో అమ్మిన నలభై లారీల బ్రేకుల్లో లోపముంది, వెనక్కి పిలిచి మార్చండి అని కంపెనీ ఉత్తరం వచ్చి నాలుగు రోజులైంది. "ఎవరడిగినా బ్రేకులు బాగున్నాయనే చెప్పు" అన్నాడు మేనేజరు. నేను నోరు మూసుకుని ఈ కథ రాస్తూ కూర్చున్నాను.

ఒక రాజ్యంలో శకటాధికారి రాళ్లు మోసే బండ్లు వంద చేయించాడు. కనుమ దిగుతుంటే రెండు బండ్ల ఇరుసులు విరిగాయి. మిగతావి వెనక్కి రప్పిస్తే పరువు పోతుందని, చాటింపు వేసే గవరయ్యను పిలిచాడు.

"ఒరే, బండ్లు భేషుగ్గా ఉన్నాయని చాటు. వేరే మాట అన్నావో, తల ఉండదు!"

"చిత్తం దొరా, మీ మాటే చాటుతాను."

గవరయ్య సంతసంతలోనూ డప్పు కొట్టాడు. "దొరగారి బండ్లు భేషహో! ఇరుసులు విరగవహో! కనుమ దిగేటప్పుడు అసలే విరగవు! కిందికి వంగి చూసుకోనక్కర్లేదహో!"

"ఎవరడిగారని చెబుతున్నాడర్రా?" అంటూ బండివాళ్లంతా వంగి చూశారు. వారం తిరక్కుండా బండ్లన్నీ అధికారి వాకిట్లో బారులు తీరాయి.

"ఏం చాటావురా?"

"బాగున్నాయనే దొరా! చెడ్డమాట ఒక్కటన్నానేమో కనుక్కోండి."

అధికారి వడ్రంగులను పిలిపించి ఇరుసులు మార్పించాడు.

ఆ లారీలు కొన్నవాళ్ల జాబితాలో మొదటి పేరు అప్పలకొండన్నది. రేపు లోడుతో ఘాట్ దిగుతాడు. ఇప్పుడే ఫోన్ చేస్తాను. అడక్కుండానే, బ్రేకులు భేషుగ్గా ఉన్నాయని చెబుతాను. నమ్మేశాడా, ఉత్తరమే చదివి వినిపిస్తాను.