నూట ఇరవై కింద ఉన్నవాడు

మా సార్‌కు ఒక చెడ్డ అలవాటు ఉంది. ఏదన్నా అడిగితే జవాబు చెప్పడు. "చూద్దాంలే" అంటాడు, లేకుంటే టీ తెప్పిస్తాడు. అడిగినవాడికి అరికాలి మంట నెత్తికెక్కుతుంది. పదకొండేళ్ళుగా ఆయన దగ్గర పాత టేపులు తుడిచి, తెగినచోట అతికించి, తిప్పే పని చేస్తున్నాను కాబట్టి ఇంతమాత్రం అనే హక్కు నాకుందనే అనుకుంటున్నాను.

సార్ పేరు వన్నూర్‌సాబ్. రేడియోలో ముప్పై ఏళ్ళు రికార్డింగు పని చేసిన మనిషి. రిటైరయినాక అనంతపురం పాతూరులో రెండు గదులు బాడుగకు తీసుకుని, తాను ఊరూరా తిరిగి పట్టిన జానపదుల టేపులన్నిటినీ కంప్యూటర్‌లోకి ఎక్కిస్తున్నాడు. ఆయన దగ్గర నేర్చుకోవాలని పోయినేడు ఓబులేశు వచ్చినాడు. ముప్పై ఏళ్ళవాడు. బెంగళూరులో ప్రకటనలకు శబ్దం సరిచేసే స్టూడియోలో ఆరేళ్ళు చేసినాడు. పనిమంతుడు, అందులో అబద్ధం లేదు. చెవి చురుకు. కాకపోతే చెయ్యి ఇంకా చురుకు.

ఈ పని తెలియనివాళ్ళ కోసం ఒక ముక్క చెప్తాను. తెర మీద ఈ చివర నుంచి ఆ చివరకు ఒక గీత ఉంటుంది. దాన్నే ఈక్వలైజర్ అంటారు. ఎడమవైపు లావు శబ్దాలు, అంటే బేసు. కుడివైపు సన్న శబ్దాలు. గీతను ఎక్కడ కిందికి లాగితే అక్కడి శబ్దం తగ్గుతుంది. ఎడమవైపు ఒక అంకె, అంటే సెకనుకు ఎన్ని అదురులో ఆ లెక్క, పెట్టి 'లో కట్' నొక్కినామంటే ఆ అంకె కిందున్నదంతా పోతుంది. ఓబులేశు ఏ టేపు ముట్టుకున్నా సరే, నూట ఇరవై దగ్గర లో కట్ నొక్కి, ఆ తర్వాతే కుర్చీలో సర్దుకుని కూచుంటాడు. బెంగళూరులో అబ్బిన అలవాటు అది. అక్కడ జనాలు వినేది ఫోన్లలో. ఫోన్లో కింది శబ్దం ఎట్లాగూ పలకదు, ఇంక దాన్ని మోసుకుని తిరిగేదెందుకు అని వాళ్ళ లెక్క.

"అంత అవసరమా ఓబులేశూ?" అని సార్ అప్పుడప్పుడు అనేవాడు. అంతకు మించి అనేవాడు కాదు. ఒకరోజు ఓబులేశుకు రోషం వచ్చింది. హెడ్‌ఫోన్ తీసి బల్లమీద పెట్టి నిలదీసి అడిగినాడు.

"సార్, నూట ఇరవై కిందున్నది ఎవరికీ వినపడదు. వినపడనిదాన్ని కోసేస్తే నష్టం ఎవరికి? ఈరోజు చెప్పాల్సిందే."

సార్ కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. "గొల్లబండపల్లి టేపు అయిపోయిందా?" అని అడిగినాడు. చూసినారా, ఇదీ వరస.

గొల్లబండపల్లి టేపు సంగతి చెప్పాలి. దానికి పదిరోజుల ముందు ఆ ఊరి నుంచి అక్కులమ్మ అనే ముసలామె, ఆమె కొడుకు గంగన్న మా దగ్గరికి వచ్చినారు. అక్కులమ్మ భర్త కదిరప్ప ఉరుము వాయించేవాడు. మా పక్కవాళ్ళు కానివాళ్ళకు ఉరుమంటే మబ్బులోదే తెలుసు. మాకు అది వాద్యం. కుడివైపు పుల్లతో కొడతారు, ఎడమవైపు తోలును వంకర పుల్లతో రుద్దుతారు. అట్ల రుద్దినప్పుడే అది ఉరుముతుంది. కదిరప్ప చనిపోయి ఏడాది నిండుతోంది. పెద్దలకు ఎడ పెట్టేటప్పుడు, అంటే విస్తరి వేసి పోయినవాళ్ళకు అన్నం పెట్టేటప్పుడు, ఇంటి ఉరుము మోగాలనేది వాళ్ళ ఇంటి ఆనవాయితీ. అది మోగితేనే పోయినవాడు దారి తెలుసుకుని వచ్చి తింటాడని వాళ్ళ నమ్మకం. కదిరప్ప ఉరుముకు తోలు చిరిగిపోయింది. కొత్త తోలు వేయించినా వాయించేవాడు లేడు. గంగన్నకు ఆ విద్య రాలేదు. సౌండ్ బాక్సులు బాడుగకిచ్చుకుని బతుకుతాడు. పందొమ్మిదేళ్ళ కిందట గంగమ్మ జాతరలో సార్ పట్టిన టేపొక్కటే ఇప్పుడు మిగిలింది.

మాటలన్నీ గంగన్నే ఆడినాడు. అక్కులమ్మకు చెవుడు. నలభై ఏళ్ళ వయసులో జ్వరమొచ్చి రెండు చెవులూ పోయినాయంట. ఆమె నా చేతిలోని టేపు చక్రాన్నే చూస్తూ నిలబడింది. పోయేముందు, చెవిటివాళ్ళకు తమ గొంతు తమకు తెలియదు కదా, గది అదిరిపోయేటట్టు అడిగింది.

"ఆయప్ప ఇందులో ఉన్నాడా సామీ?"

సార్ తలూపినాడు. ఆమె రెండు చేతులూ ఎత్తి ఆ టేపుకు దండం పెట్టింది. వాళ్ళు మెట్లు దిగినాక ఓబులేశు, "పాపం, చెవిటామెకు టేపెందుకు? కొడుకు కోసమేమోలే" అన్నాడు. నిజమే కదా అని నేను కూడా అనుకున్నాను.

ఆ టేపుకు ఒక చీడ ఉంది. జాతరలో దీపాల కోసం పెట్టిన జనరేటరు పక్కనే ఆడుతూ ఉండింది. మొదటి నుంచి చివర వరకు గుయ్యిమని ఒకటే మోత. ఓబులేశు మూడు రోజులు కూచున్నాడు. లో కట్ నూట ఇరవై దగ్గర పెట్టి, దాని వాలు నిటారుగా చేసి, జనరేటరును మొదలంటా నరికేసినాడు. కుడివైపు సన్న శబ్దాల్లో టేపు సరసర లేకుండా హై కట్ పెట్టినాడు. పుల్ల దెబ్బ పడేచోట గీత కొంచెం ఎత్తినాడు. జానెడు స్పీకర్లలో నాకు వినిపించినాడు. ఏ దెబ్బకా దెబ్బ లెక్కపెట్టుకోవచ్చు, అంత శుభ్రంగా ఉంది. "శభాష్ రా" అని వీపు తట్టినాను. ఉరుము వింటూ పెరిగినవాణ్ణి నేను. నాకైనా తెలియొద్దా? తెలియలేదు. సార్ మాత్రం వినలేదు. "అక్కడే వింటాలే. పెన్‌డ్రైవ్ వద్దు, కంప్యూటరే ఎత్తుకొని రండి" అన్నాడు.

ఎడ పెట్టే రోజు పొద్దున్నే గొల్లబండపల్లి చేరుకున్నాం. రేకుల ఇల్లు. నడింట్లో కదిరప్ప ఫోటో, దాని ముందర పసుపు కుంకుమ పెట్టిన చిరిగిన ఉరుము. విస్తరిలో రాగిసంగటి, కోడికూర, పక్కన ఒక బీడీకట్ట. చుట్టాలు ఇరవై మంది దాకా ఉన్నారు. గంగన్న తన బాక్సుల్లో మంచివి రెండు, నడుమెత్తువి, తండ్రి కోసం తెచ్చి ఫోటోకు ఇరుపక్కలా నిలబెట్టినాడు. అక్కులమ్మ తలస్నానం చేసి వచ్చి విస్తరి ముందు కూచుంది. కుడిచేత్తో సంగటి ముద్ద తీసుకుంది. ఎడమ అరచెయ్యిని పక్కనున్న బాక్సుకు ఆనించింది. ఆసరా కోసమనుకున్నాం అందరం.

ఓబులేశు టేపు మొదలుపెట్టినాడు. ఇల్లంతా దెబ్బలు టపటపా మోగినాయి. "అబ్బా, కదిరన్నేరా!" అని ఎవరో అన్నారు. కదిరప్ప తమ్ముడు తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. ఓబులేశు మొహం వెలిగిపోయింది. గంగన్న తల్లికి సైగ చేసినాడు, పెట్టమ్మా అని.

ఆమె పెట్టలేదు. ముద్ద పట్టుకుని అట్లే కూచుంది. కొంచెంసేపటికి కొడుకు వైపు తిరిగింది.

"ఏంరా, కరెంటు లేదా?"

"మోగుతాందిమ్మా!" అని గంగన్న చేతులు రెండూ ఆడించి చూపించినాడు.

"యాడ మోగుతాంది? మీ నాయిన ఇంకా మొదలే పెట్టలేదు."

దెబ్బలు మాత్రం శుభ్రంగా పడుతూనే ఉన్నాయి. కదిరప్ప తమ్ముడు విసుక్కున్నాడు. "చెవిటిదానికి ఏం తెలుస్తుందప్పా. పెట్టమనండి, పొద్దెక్కుతాంది." ఒక ఆడమనిషి వచ్చి ఆమె మణికట్టు పట్టుకుని విస్తరి వైపు వంచబోయింది. అక్కులమ్మ చెయ్యి వెనక్కి లాక్కుంది. ముద్దను పిడికిట్లో దాచుకుంది. కళ్ళనిండా నీళ్ళొచ్చినాయి.

"ఆయప్ప రాకుండా ఎవరికి పెట్టేది? నేను పెట్టను" అంది. గొంతు పెద్దది కదా, వీధి వరకు వినపడింది.

నాకు అప్పటికీ అర్థం కాలేదు. ఓబులేశుకు అర్థమైంది. వాడు బాక్సు మీదున్న ఆమె చేతినే చూస్తున్నాడు. వాడి మొహంలో నెత్తురుచుక్క లేదు. ఆ నిమిషంలో నాకు సార్ మీద ఒళ్ళు మండింది. ముందు రోజే ఒక్కసారి విని ఉంటే పోయేది కదా! ముసలామె మొగుడి ఏడాది దినం నాడు, ఇంతమంది చుట్టాల ముందర, ఇదేం పాఠమప్పా? సార్‌కు ఇట్లవుతుందని ముందే తెలుసా, తెలియదా? తర్వాత నేను అడిగినాను. టీ తెప్పించినాడు.

అక్కడ కూడా సార్ కంప్యూటరును ఓబులేశు వైపు జరిపినాడు, అంతే. ఓబులేశు టేపు ఆపినాడు. తెర మీద గీత ఎడమవైపు కొండ చరియలాగ తెగిపడి ఉంది. వాడు లో కట్ తీసేసినాడు. గీత నేలమట్టంగా సాగింది. టేపును మళ్ళీ మొదటికి తిప్పి నొక్కినాడు.

ముందు జనరేటరు వచ్చింది. మూడు రోజులు కష్టపడి తీసిన మోతంతా ఇంట్లోకి దూరింది. అక్కులమ్మ కళ్ళు మూసుకుంది.

"ఇది జనరేటరు" అంది. "ఆ పొద్దు ఉండింది."

ముద్ద మాత్రం పెట్టలేదు. ఎదురుచూసింది.

అప్పుడు కదిరప్ప పుల్ల పెట్టి రుద్దినాడు. పైన రేకులు గలగలమన్నాయి. గూట్లో చెంబులు ఒకదానికొకటి కొట్టుకున్నాయి. ఫోటో ముందరి ఉరుము మీద అద్దిన కుంకుమ రవ్వంత కదిలింది. జనరేటరుతో పాటు మేం నరికేసింది దీన్నే. చిన్నప్పుడు జాతరలో నాయిన భుజాల మీద కూచుని విన్న ఉరుము ఇదే. జానెడు స్పీకర్లు దాన్ని నాకు పలికి ఉంటే ఏనాడో గుర్తుపట్టేవాణ్ణి. అవి పలకవు. నేను వినలేదు కాబట్టి లేదనుకున్నాను. నా మీద నాకే అసహ్యమేసింది.

అదురుతున్న బాక్సు మీద అక్కులమ్మ వేళ్ళు వెడల్పుగా చాచింది. ఆమె పెదవులు కదిలినాయి.

"ఆ. వచ్చినాడు" అంది.

పిడికిలి విప్పి, నలిగిన ముద్దను ఒద్దికగా గుండ్రం చేసి విస్తరిలో పెట్టింది. ఇంకో ముద్ద తీసింది, అదీ పెట్టింది. "తిను" అంది, ఎదురుగా కూచున్న మనిషితో అన్నట్టే. కదిరప్ప తమ్ముడు వెక్కి వెక్కి ఏడ్చినాడు. నేనూ ఏడ్చినాను, దాచుకునేదేముంది.

టేపు పదిహేడు నిమిషాలు. ఆమె చెయ్యి తియ్యలేదు. మధ్యలో ఒకచోట నవ్వింది కూడా. అక్కడ కదిరప్ప పుల్ల జారి ఒక వరస తప్పినాడంట, తర్వాత ఆమే చెప్పింది. అంతమంది కూచుని వింటున్నాం, మాలో ఒక్కడూ పసిగట్టలేదు.

ఓబులేశు సార్ పక్కకు జరిగినాడు.

"సార్, ఆమెకు చెప్పాల. తప్పు నాదని చెప్పి, క్షమించమని అడగాల."

సార్ వాడి వైపు తిరిగినాడు. ఆ రోజంతటికీ ఆయన మాట్లాడింది ఇప్పుడే.

"చెప్తే ఆమెకు వినపడదు ఓబులేశూ. పోయి పక్కన కూచో. నువ్వు కూడా చెయ్యి పెట్టు."